రాయి పగలకుండా బెజ్జం, ఊడకుండా ఫాస్టెనర్: వరసగా ఏం చేయాలి

"రాయికి బెజ్జం ఎలా వేయాలి?" అని అడిగినవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే: దానికి ఏం తగిలిస్తున్నారు? చాలామంది ముందు డ్రిల్లు తీసి బెజ్జం వేసేస్తారు, ఆ తర్వాత అందులో పట్టే ప్లగ్ (గట్టా) కోసం డబ్బా అంతా వెతుకుతారు. రాతి దగ్గర ఈ వరస తిరగబడాలి. మోయాల్సిన బరువు తెలిస్తే ఫాస్టెనర్, అంటే ప్లగ్, బోల్టు లాంటి బిగింపు సామాను ఏదో తేలుతుంది, ఫాస్టెనర్ తేలితే బెజ్జం సైజు, లోతు, అంచు నుంచి ఉండాల్సిన దూరం అన్నీ తేలతాయి. డ్రిల్లు ముట్టుకోవాల్సింది అప్పుడు.

ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. రాయి పగిలిందంటే అందరూ డ్రిల్లునే అనుమానిస్తారు గానీ, నేను చూసినంతలో ఎక్కువ రాళ్లు బీటవారింది బెజ్జం వేసేటప్పుడు కాదు, బోల్టు బిగించేటప్పుడు. అందుకే కింద డ్రిల్లింగ్‌కి ఎంత చోటు ఇచ్చానో దానికి ముందూ వెనకా జరిగే పనులకి కూడా అంతే ఇచ్చాను.

## 1. ఏ రాయో తేల్చుకోండి

ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద పాలరాయిలో ఉండే కాల్సైట్ 3 దగ్గర ఉంటుంది. గ్రానైట్‌లోని ఫెల్డ్‌స్పార్ 6, క్వార్ట్జ్ 7. ఒకే బిట్టు పాలరాతిలో హాయిగా దిగి, గ్రానైట్ మీద ఎర్రగా కాలిపోవడానికి కారణం ఇదే.

- గ్రానైట్: చాలా గట్టిది, బిట్టుని అరగదీస్తుంది. మందంగా ఉంటే ఫాస్టెనర్‌ని బాగా పట్టుకుంటుంది. పలుచని పలక అయితే దెబ్బకి పెచ్చులూడుతుంది.
- పాలరాయి: బెజ్జం తేలిక, కానీ గీతలు, నెర్రెలు ఉన్నచోట విడిపోతుంది. ఆమ్లం పడితే మెరుపు పోతుంది.
- సున్నపురాయి, నాపరాయి: మెత్తదనం రాయిని బట్టి మారుతుంది. పొరలుగా ఉన్న రకాలు అంచు దగ్గర పలకలుగా లేస్తాయి.
- ఇసుకరాయి: డ్రిల్లు సులువుగా దిగుతుంది, అదే దాని సమస్య. రేణువులు రాలిపోయి బెజ్జం వదులవుతుంది.
- పలకరాయి: పొరల వెంట చీలడం దాని స్వభావం. హ్యామర్ మోడ్, అంటే డ్రిల్లు తిరుగుతూనే దెబ్బ కొట్టే పద్ధతి, దగ్గరికే రానివ్వకండి.

పేరు తెలియకపోతే కనపడని మూలలో ఉక్కు కత్తి మొనతో గీసి చూడండి. లోతుగా గీత పడితే పాలరాయి జాతి, కత్తి జారిపోయి బూడిదరంగు లోహపు చార మాత్రమే మిగిలితే గ్రానైట్ జాతి. విడిముక్క ఏదైనా ఉంటే దాని మీద ఒక చుక్క వెనిగర్ వేయండి, సన్నగా బుడగలొస్తే అందులో కాల్సైట్ ఉన్నట్టు. బిగించి ఉన్న రాతి మీద మాత్రం ఈ పరీక్ష వద్దు, మచ్చ ఉండిపోతుంది.

## 2. రాతి గోడా, గోడకి అంటించిన రాయా?

ఈ ప్రశ్న దగ్గర తప్పటడుగు వేస్తే మిగతాదంతా సరిగ్గా చేసినా లాభం లేదు. మనం రాతి గోడ అనుకునేది చాలాసార్లు ఇటుక గోడో కాంక్రీటు గోడో అయ్యుంటుంది, దాని మీద 18 నుంచి 20 మి.మీ. మందం రాతి పలక అంటించి ఉంటుంది. అప్పుడు బరువు మోయాల్సింది వెనక ఉన్న గోడ. పలక కేవలం ముఖం.

వేలి కణుపుతోనో స్క్రూడ్రైవర్ పిడితోనో తట్టండి. గట్టిగా, నిండుగా మోగితే వెనక పట్టు ఉంది. డొల్లగా మోగితే అక్కడ జిగురు లేదు, గాలి ఉంది.

పలక వెనక గోడకి బిగించేటప్పుడు చేయాల్సింది ఇది. పలకలో బెజ్జం గోడలో బెజ్జం కంటే కొంచెం పెద్దది వేయండి, అంటే గోడలో 8 మి.మీ. అయితే పలకలో 10 మి.మీ. ప్లగ్‌ని పలక దాటించి పూర్తిగా గోడలోకి నెట్టండి. వ్యాకోచించే భాగం రాతిలో ఇసుమంతైనా ఉండకూడదు. ఉంటే స్క్రూ తిప్పిన ప్రతి చుట్టూ పలకని లోపలి నుంచి చీల్చే ప్రయత్నమే.

స్క్రూ పొడవు లెక్క చాలామంది తప్పుతారు. పలక మందం + జిగురు మందం + ప్లగ్ పొడవు + తగిలించే బ్రాకెట్ మందం, దాని మీద సుమారు స్క్రూ వ్యాసమంత. ఉదాహరణకి 20 + 12 + 50 + 3 + 5 = 90 మి.మీ. డబ్బాలో ఉన్న 50 మి.మీ. స్క్రూ వాడితే అది గోడలో పట్టుకునేది 15 మి.మీ. మాత్రమే. వారం బాగానే ఉంటుంది.

డొల్ల చోటే బిగించాల్సి వస్తే రెండు దారులున్నాయి. ఒకటి, బెజ్జం గుండా ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) ఎక్కించి, గట్టిపడ్డాక మళ్లీ అందులోంచే డ్రిల్ చేయడం. రెండోది నాకు ఎక్కువ ఇష్టం: పలక మందం, వెనక ఖాళీ రెండూ కలిపి ఎంతో సరిగ్గా అంత పొడవు స్టెయిన్‌లెస్ గొట్టం ముక్క కోసి, పలక బెజ్జంలో పెట్టి, దాని లోపలి నుంచి బోల్టు పంపడం. బిగించినప్పుడు ఒత్తిడి గొట్టం మీదుగా గోడకి పోతుంది, పలక వంగదు. గొట్టం 1 మి.మీ. పొట్టిదైనా లాభం లేదు, ఆ ఒత్తిడి మళ్లీ పలక మీదే పడుతుంది.

వెనక స్టీలు క్లిప్పుల మీద వేలాడదీసిన పలకలు, అంటే భవనాల బయట జిగురు లేకుండా అమర్చే క్లాడింగ్ అయితే, ఆ పలకలకి ఏమీ తగిలించకండి. అవి తమ బరువుకీ గాలి ఒత్తిడికీ లెక్కవేసి పెట్టినవి, మీ బోర్డు బరువు ఆ లెక్కలో లేదు.

## 3. ఫాస్టెనర్ ఎంచుకోవడం

ప్లాస్టిక్ ప్లగ్, అదే గట్టా: చిన్న అరలు, టవల్ రాడ్లు, అద్దాల్లాంటి వాటికి. 6 మి.మీ. ప్లగ్‌కి 4 నుంచి 5 మి.మీ. స్క్రూ, 8 మి.మీ. ప్లగ్‌కి 4.5 నుంచి 6 మి.మీ. స్క్రూ. నైలాన్‌దే తీసుకోండి, పెళుసు ప్లాస్టిక్‌వి గ్రానైట్ బెజ్జంలో కొడుతుండగానే నలిగిపోతాయి.

స్లీవ్ యాంకర్: బోల్టు చుట్టూ గొట్టం (స్లీవ్) ఉండి, బిగిస్తే అది విచ్చుకునే రకం. మందపాటి, గట్టి రాతికి, మధ్యరకం బరువులకి. సాధారణంగా ఎం8 బోల్టు (అంటే 8 మి.మీ. వ్యాసం) ఉన్న స్లీవ్‌కి 10 మి.మీ. బెజ్జం, ఎం10కి 12 మి.మీ.

వెడ్జ్ యాంకర్: బోల్టు ఎంతో బెజ్జమూ అంతే, ఎం10కి 10 మి.మీ. చివర ఒకే చోట గట్టిగా వ్యాకోచిస్తుంది కాబట్టి పెద్ద గ్రానైట్ దిమ్మెలకి తప్ప వాడొద్దు. సుత్తితో లోపల కొట్టి తెరిచే డ్రాప్-ఇన్ రకం రాతికి నేనైతే అసలు సిఫారసు చేయను.

కెమికల్ యాంకర్: కార్ట్రిడ్జ్ (గొట్టం డబ్బా) నుంచి రెసిన్, అంటే రెండు భాగాలు కలిసి గట్టిపడే జిగురు పోసి అందులో మరలున్న రాడ్ నిలబెట్టే పద్ధతి. ఇది రాయిని లోపలి నుంచి నెట్టదు, అంటుకుని పట్టుకుంటుంది. మెత్తని రాయి, అంచుకి దగ్గర, పొరల రాయి, బరువైన రెయిలింగ్, వీటిలో ఏది ఎదురైనా నేను ముందు దీనివైపే చూస్తాను. ఎం8 రాడ్‌కి 10 మి.మీ. బెజ్జం, 80 మి.మీ. లోతు, ఎం10కి 12 మి.మీ., 90 మి.మీ.; ఎం12కి 14 మి.మీ., 110 మి.మీ. అనేవి ఎక్కువగా కనిపించే కొలతలు. మీ కార్ట్రిడ్జ్ మీద వేరేలా ఉంటే అదే పాటించండి.

ప్యాకెట్ మీద ఇన్ని కిలోలు మోస్తుందని రాసిన అంకె దాదాపు ఎప్పుడూ కాంక్రీటు లెక్క. సహజమైన రాయి ఏ రెండూ ఒకలా ఉండవు కాబట్టి ఆ అంకెని నమ్ముకుని తలమీద వేలాడేదీ, మనిషి ఆనుకునేదీ బిగించకండి. అలాంటి పనులకి అదే రాతిలో లాగి చూసే పరీక్ష చేయించాలి. మోయాల్సిన బరువుకి ఒకటిన్నర రెట్లు లాగి చూడటం మామూలుగా జరిగేదే.

లోహం సంగతి: రాతిలో మామూలు ఇనుము పెడితే తుప్పు మరక ఒక్కటే కాదు సమస్య. తుప్పు అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు తీసుకుంటుంది, బెజ్జంలో దానికి చోటు లేదు, కొన్నేళ్లకి రాయే పగులుతుంది. ఇంట్లో పొడిచోట 304 రకం స్టెయిన్‌లెస్, సముద్రపు గాలికీ ఈత కొలను పక్కనా 316. బోల్టుల మీద ఏ2 అని ఉంటే 304 తరగతి, ఏ4 అంటే 316 తరగతి. అల్యూమినియం బ్రాకెట్‌ని స్టెయిన్‌లెస్ బోల్టుతో తడిచోట బిగిస్తుంటే మధ్యలో నైలాన్ వాషర్ వేయండి, లేకపోతే అల్యూమినియం తినేసుకుపోతుంది.

## 4. చోటు గుర్తించడం

క్వారీలో పెద్ద బండని ఎలా చీలుస్తారో చూశారా? ఒకే గీత మీద వరసగా బెజ్జాలు వేసి, వాటిలో ఇనుప చీలలు పెట్టి ఒక్కొక్కటీ కొంచెం కొంచెం దిగగొడతారు. బండ ఆ గీత వెంట తెరుచుకుంటుంది. మీరు అంచు పక్కనే వరసగా వ్యాకోచించే యాంకర్లు పెట్టి బిగిస్తే చేస్తున్నది సరిగ్గా అదే పని.

- వ్యాకోచించే యాంకర్ అంచు నుంచి బోల్టు వ్యాసానికి కనీసం 10 రెట్ల దూరంలో ఉండాలి. ఎం8 అంటే 80 మి.మీ. రెండు యాంకర్ల మధ్య కూడా అంతే.
- కెమికల్ అయితే ఈ దూరం దాదాపు సగానికి తగ్గించుకోవచ్చు, తయారీదారు పట్టిక ఒప్పుకుంటేనే.
- మందపాటి రాతిలో బెజ్జం వెనక కనీసం 30 మి.మీ. రాయి మిగలాలి.
- పొరలు కనిపిస్తే, బెజ్జం పొరలకి అడ్డంగా వెళ్లాలి. రెండు పొరల మధ్యలోకి వెళ్లేలా వేస్తే అవి పుస్తకంలా విచ్చుకుంటాయి.
- 20 మి.మీ. పలక పక్కఅంచులో వ్యాకోచించేది ఏదీ పెట్టకండి. 6 మి.మీ. బెజ్జం, సన్నని స్టెయిన్‌లెస్ పిన్ను, ఎపాక్సీ, అంతే.
- నెర్రె, రంగు గీత, పాత ప్యాచ్ ఉన్నచోటు వదిలేయండి.

రాళ్ల మధ్య సున్నం, సిమెంటు పూసిన పాత గోడలో చిన్న బరువులకి రాతిని వదిలేసి అతుకులోనే బిగించడం మంచిది, తర్వాత తీసేసినా ఆ చోటు పూడ్చుకోవచ్చు. బరువు ఎక్కువైతే మాత్రం అతుకు పనికిరాదు, రాయి నడిమధ్యకే వెళ్లాలి.

వైర్లు, పైపులు ఎక్కడున్నాయో డిటెక్టర్‌తో చూసుకోండి. స్విచ్‌బోర్డుకీ కుళాయికీ నిట్టనిలువుగా, అడ్డంగా ఉండే గీతల్ని డిటెక్టర్ ఏమీ లేదన్నా సరే తప్పించండి.

## 5. సామాను, జాగ్రత్తలు

మొదలుపెట్టే ముందు టిక్కు పెట్టుకోవాల్సినవి:

- వేగం తగ్గించుకునే వీలున్న డ్రిల్లు, పక్కపిడితో సహా. మందపాటి రాతికి ఎస్‌డీఎస్ ప్లస్ రోటరీ హ్యామర్ (తిరుగుతూ గట్టిగా దెబ్బ కొట్టే డ్రిల్లు).
- పలుచని పలకకి, మెరుగుపెట్టిన ముఖానికి బోలు డైమండ్ బిట్టు. గోడ భాగానికి కార్బైడ్ బిట్టు.
- మాస్కింగ్ టేప్, బెజ్జం ఉన్న ప్లైవుడ్ ముక్క, క్లాంపులు.
- మూతకి బెజ్జం పెట్టిన నీళ్ల సీసా, స్పాంజి, పాత గుడ్డలు.
- ఊదే పంపు, బెజ్జానికి సరిపోయే గుండ్రని బ్రష్షు.
- కళ్లద్దాలు, చెవి ప్లగ్గులు, ఎన్-95 లేదా అంతకు మించిన మాస్కు.

మాస్కు గురించి ఒక్కమాట. గ్రానైట్, ఇసుకరాయి, పలకరాయి దుమ్ములో స్ఫటిక సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్తే సిలికోసిస్ తెస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. ముక్కుకి రుమాలు కట్టుకోవడం దీనికి రక్షణ కిందకి రాదు. నీళ్లతో డ్రిల్ చేయడం, కుదరకపోతే బెజ్జం పక్కనే హెపా ఫిల్టర్ (సన్నని దుమ్ముని ఆపే వడపోత) ఉన్న వాక్యూమ్ పట్టడం అసలైన రక్షణ, మాస్కు ఆ తర్వాతిది. చీపురుతో పొడిదుమ్ము ఊడవకండి, తడిగుడ్డతో తుడవండి.

నీళ్లున్న చోట కరెంటు డ్రిల్లు వాడుతుంటే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) ఉన్న లైనులోనే పెట్టండి. బ్యాటరీ డ్రిల్లు ఉంటే ఇంకా నయం. నీళ్లు మోటార్‌లోకి కారే కోణంలో డ్రిల్లు పట్టుకోవద్దు.

## 6. పలుచని పలకకి డైమండ్ బిట్టుతో

హ్యామర్ మోడ్ ఆపేసి ఉందో లేదో ముందు చూడండి. ఇది రాసినంత తేలిక, మరిచిపోవడం అంతకంటే తేలిక.

1. గుర్తు పెట్టినచోట టేప్ అతికించి, దానిమీద అడ్డంగా నిలువుగా గీతలు గీయండి. మెరిసే రాతి మీద పెన్సిలు గుర్తు నీళ్లకి పోతుంది.

2. బోలు బిట్టుకి మధ్యలో మొన ఉండదు కాబట్టి నునుపు రాతి మీద జారిపోతుంది. ప్లైవుడ్ ముక్కలో అదే సైజు బెజ్జం వేసి, దాన్ని గుర్తు మీద క్లాంపుతోనో డబుల్ టేపుతోనో నిలబెట్టి, అందులోంచి మొదలుపెట్టండి. అది లేకపోతే బిట్టుని 45 డిగ్రీలు వంచి, ఒక అంచుతో నెలవంకలా చిన్న గాడి పడనిచ్చి, డ్రిల్లు తిరుగుతుండగానే నెమ్మదిగా నిటారుకి తీసుకురండి. కుళాయి కోసం 35 మి.మీ. లాంటి పెద్ద బెజ్జానికి మాత్రం ప్లైవుడ్ తప్పనిసరి, వంచి మొదలుపెట్టడం అక్కడ కుదరదు.

3. నీళ్లు ముందు, తిరగడం తర్వాత. పడుకున్న పలక మీద పుట్టీతో చిన్న గట్టు కట్టి నీళ్లు నింపండి. నిలువు గోడకి ఇంకో మనిషి సీసాతో సన్నధార పోస్తుండాలి.

4. చిన్న బిట్టుకి వేగం కొంచెం ఎక్కువ, పెద్ద బిట్టుకి బాగా తక్కువ. బిట్టు ప్యాకెట్ మీద రాయి రకాన్ని బట్టి ఆర్పీఎం ఉంటుంది, అది చూడండి. అనుమానంగా ఉంటే తగ్గించే వైపే పోండి.

5. ఒత్తిడి తక్కువ. డైమండ్ కోయదు, అరగదీస్తుంది, కాబట్టి మీరు ఎంత ఒత్తినా వేడి పెరుగుతుంది గానీ పని పెరగదు. ప్రతి 10, 15 సెకన్లకి బిట్టు కొంచెం పైకి లేపి నీళ్లు లోపలికి పోనివ్వండి. పాలలాంటి బురద వస్తుంటే బాగున్నట్టు. ఆవిరి, పొడి దుమ్ము, కాలిన వాసన, ఏది వచ్చినా వెంటనే ఆపండి.

6. అడుగుకి చేరుతున్నారని శబ్దం మారడంతో తెలుస్తుంది. అక్కడ చేతి బరువు దాదాపు తీసేయండి. విడి పలక అయితే కింద చెక్కముక్క క్లాంపు చేసి ఉంచండి, లేకపోతే అవతలి ముఖం నుంచి పెచ్చు లేస్తుంది. రెండువైపుల నుంచీ సగం సగం వేసేది ఇంకా శుభ్రమైన పద్ధతి.

7. పలక దాటాక, లోపల మిగిలిన గుండ్రని రాతిముక్కని సన్నని స్క్రూడ్రైవర్‌తో తీయండి. అవతల గోడ భాగానికి బిట్టు మార్చండి.

గట్టి గ్రానైట్‌లో కొంతసేపటికి బిట్టు తిరుగుతుంది గానీ దిగదు. వజ్రం రేణువుల చుట్టూ ఉన్న లోహం నునుపెక్కిపోయిందన్నమాట. బిట్టు పారేయకండి. నీళ్లు పోస్తూ ఒక గరుకు ఇటుకలోనో మెత్తని ఇసుకరాతి ముక్కలోనో కొన్ని సెకన్లు తిప్పండి, పై పొర అరిగి కొత్త రేణువులు బయటపడతాయి.

## 7. మందపాటి రాతికి రోటరీ హ్యామర్‌తో

ఇక్కడ దెబ్బ పనికొస్తుంది, మొదటి కొన్ని మిల్లీమీటర్లు తప్ప. ముందు 5 లేదా 6 మి.మీ. బిట్టుతో, హ్యామర్ లేకుండా 5 నుంచి 10 మి.మీ. లోతు గుంట చేయండి. అంచులు ఊడకుండా ఉండేది దీనివల్లే. తర్వాత హ్యామర్ వేసి అదే సన్నని బిట్టుతో పూర్తి లోతుకి, ఆపైన అసలు సైజుతో. 6, 8, 10, 12 అని మెట్లు మెట్లుగా పోవద్దు, మధ్య సైజుల్లో బిట్టు పట్టేసి చెయ్యి తిప్పేస్తుంది.

లోతు కొలత కోసం బిట్టుకి టేప్ చుట్టండి. ప్లగ్‌కి అయితే దాని పొడవు కంటే కనీసం 10 మి.మీ. ఎక్కువ లోతు వేయాలి, అడుగున దుమ్ముకీ స్క్రూ మొనకీ ఆ చోటు కావాలి. కెమికల్‌కి మాత్రం చెప్పిన లోతే, ఎక్కువ వేస్తే రెసిన్ వృథా.

ప్రతి 2 సెం.మీ.కి బిట్టు బయటికి లాగి దుమ్ము తీసేయండి. బిట్టు ఉన్నట్టుండి ఆగిపోతే ఒత్తకండి, రాతిలో గట్టి ముద్దో ఇనుప కడ్డీయో తగిలి ఉంటుంది. కార్బైడ్ మొన ఎర్రబడితే దాన్ని పట్టుకున్న అతుకు కరిగి మొన ఊడిపోతుంది. వేడెక్కిన బిట్టుని నీళ్లలో ముంచి చల్లార్చడం కూడా వద్దు, మొన పగులుతుంది, పక్కన పెట్టి ఇంకో బిట్టు తీయండి.

## 8. బెజ్జం శుభ్రం చేయడం

ఎవరూ సరిగ్గా చేయని పని ఇదే. నోటితో ఉఫ్ అని ఊదితే కళ్లలో పడుతుంది తప్ప అడుగున ఉన్న దుమ్ము కదలదు.

పంపు గొట్టం అడుగు దాకా పెట్టి రెండుసార్లు ఊదండి, బ్రష్షు అడుగు దాకా తిప్పుతూ రెండుసార్లు లాగండి, మళ్లీ రెండుసార్లు ఊదండి. బ్రష్షు బెజ్జం కంటే కొంచెం లావుగా ఉండాలి, లోపలికి పోయేటప్పుడు గోడలకి రాసుకోవాలి. తేలిగ్గా జారిపోతే అరిగిపోయిన బ్రష్షు అది. ప్లగ్‌కి ఇది ఒకసారి చేస్తే చాలు. కెమికల్‌కి మాత్రం దుమ్ము రానంతవరకు చేయాల్సిందే, ఎందుకంటే రెసిన్ దుమ్ముకి అంటుకుంటే రాతికి అంటుకోనట్టే.

నీళ్లతో వేసిన బెజ్జం గోడలకి బురద పూత మిగిలి ఉంటుంది. ముందు నీళ్లతో కడిగి, బ్రష్షు వేసి, ఆరనివ్వండి. తడిలో కూడా పనిచేస్తుందని రాసి ఉన్న రెసిన్ అయినా తడి బెజ్జంలో గట్టిపడటానికి చాలావాటికి రెట్టింపు సమయం కావాలి.

## 9. బిగించడం

ప్లగ్: చేత్తో నెడితే సగం దాకా పోయి, చిన్న సుత్తితో తేలిగ్గా తడితే మిగతా సగం పోవాలి. పూర్తిగా చేత్తోనే దిగిపోయిందంటే బెజ్జం పెద్దదైంది. గట్టిగా కొట్టినా పోకపోతే దుమ్ము మిగిలి ఉంది, ప్లగ్ తీసి మళ్లీ శుభ్రం చేయండి. స్క్రూ చేతి స్క్రూడ్రైవర్‌తో ముగించండి.

స్లీవ్ యాంకర్: బ్రాకెట్ పెట్టి, వాషర్ వేసి, నట్టు వేళ్లతో ఆనేదాకా తిప్పండి. అక్కడి నుంచి టార్క్ రెంచితో, అంటే బిగింపు బలం (టార్క్) ఎంతో చూపే రెంచితో. నాలుగు బోల్టులుంటే ఒకదాన్ని పూర్తిగా బిగించి రెండోదానికి పోవద్దు, ఎదురెదురు మూలలకి మారుతూ కొంచెం కొంచెం పెంచండి. ప్యాకెట్ మీది టార్క్ కాంక్రీటుదని గుర్తుపెట్టుకుని దానికి తక్కువలోనే ఆగండి. ఇంపాక్ట్ డ్రైవర్ (దెబ్బలు కొడుతూ బిగించే మిషను) మాత్రం రాతి దగ్గరికి తేవద్దు. ఎంత బిగించిందో అది మీకు చెప్పదు, రాయే చెబుతుంది.

లోహానికీ మెరుగు రాతికీ మధ్య పలుచని రబ్బరు లేదా నైలాన్ వాషర్ వేయండి. బ్రాకెట్ అడుగున చిన్న ఎత్తుపల్లం ఉన్నా ఆ ఒక్క బిందువు మీదే ఒత్తిడంతా పడి పెచ్చు లేస్తుంది.

కెమికల్, దీనికి తొందర పనికిరాదు:

- కార్ట్రిడ్జ్ గడువు తేదీ చూడండి. రాడ్‌కి నూనె, తుప్పు ఉండకూడదు. లోతు గుర్తు టేప్‌తో పెట్టుకోండి.
- బెజ్జం చుట్టూ టేప్ వేయండి. రెసిన్ పాలరాతిలోకి, ఇసుకరాతిలోకి ఇంకి నల్లగా నూనె మరకలా ఉండిపోవచ్చు. విడిముక్క మీద ముందు పరీక్షించడం మంచిది.
- మొదట వచ్చే రెసిన్ పారేయండి, రంగు అంతా ఒకేలా వచ్చేదాకా. రెండు భాగాలూ కలవకపోతే అది ఎప్పటికీ గట్టిపడదు.
- నాజిల్ అడుగు దాకా పెట్టి, నింపుతూ నెమ్మదిగా వెనక్కి లాగుతూ మూడింట రెండొంతులు నింపండి. పైనుంచి పోస్తే అడుగున గాలి ఉండిపోతుంది.
- రాడ్‌ని తిప్పుతూ గుర్తు దాకా దించండి. అంచున కొంచెం రెసిన్ పొంగి రావాలి. రాకపోతే లోపల ఖాళీ ఉంది, రాడ్ తీసి ఇంకొంచెం పోయండి.
- గట్టిపడే సమయం వాతావరణం వేడిని బట్టి మారుతుంది, పట్టిక కార్ట్రిడ్జ్ మీదే ఉంటుంది. ఈలోపు రాడ్‌ని ముట్టుకుని చూడటం, "గట్టిపడిందా" అని కదపడం చేయకండి.

బయటి గోడల్లో బ్రాకెట్ చుట్టూ సీల్ చేయడానికి న్యూట్రల్ రకం సిలికాన్ వాడండి. వెనిగర్ వాసన వచ్చే రకం పాలరాతినీ సున్నపురాతినీ తినేస్తుంది.

## 10. తప్పులు, వాటి మరమ్మతు

ప్లగ్ తిరిగిపోతోంది. అగ్గిపుల్లలు, కాగితం కుక్కకండి. ప్లగ్ తీసేసి, శుభ్రం చేసి, ఒక సైజు పెద్ద ప్లగ్‌కి బెజ్జం పెంచండి. అంచు దగ్గరైతే పెంచకుండా కెమికల్‌కి మారండి. వదులైన బెజ్జం కెమికల్‌కి ఏమీ అడ్డు కాదు.

బెజ్జం పక్కకి పోయింది. పక్కనే ఇంకోటి వేయాలనిపిస్తుంది. వదిలేసిన బెజ్జం లోతుకి రెండింతల దూరం జరగండి. అంత చోటు లేకపోతే పాతదాన్ని గట్టి ఎపాక్సీ మోర్టార్‌తో నింపి, పూర్తిగా గట్టిపడ్డాకే దగ్గరలో వేయండి. బయటికి కనపడే పాత బెజ్జానికి ఎపాక్సీలో అదే రాతి పొడి కలిపి నింపితే రంగు చాలావరకు కలుస్తుంది.

బెజ్జం అంచు పెచ్చూడింది. బ్రాకెట్ పళ్లెం కింద దాగిపోయేంతదైతే వదిలేయండి. లేదంటే ఊడిన ముక్క దాచి ఎపాక్సీతో అతికించండి.

బిగిస్తుండగా టిక్ మని శబ్దం వచ్చింది. ఆపండి. వదులు చేయండి. నీళ్లలో తడిపిన గుడ్డతో ఆ చోటు తుడిచి ఆరుతుంటే గమనించండి, బీట ఉంటే చుట్టుపక్కల ఆరిపోయాక కూడా అది సన్నని తడిగీతలా కనిపిస్తుంది. బీట దొరికితే ఆ యాంకర్ తీసేయాలి. పలుచని ఎపాక్సీ బీటలోకి ఇంకించి పైకి బాగు చేయొచ్చు గానీ, మళ్లీ బరువు అక్కడ పెట్టకండి.

బిట్టు ఇరుక్కుంది. అటూ ఇటూ ఊపితే బిట్టు విరుగుతుంది లేదా రాయి ఊడుతుంది. రివర్స్‌లో నెమ్మదిగా తిప్పుతూ నేరుగా లాగండి. రాకపోతే డ్రిల్లు విడదీసి, బిట్టు పట్టుభాగాన్ని రెంచితో వెనక్కి తిప్పండి.

రెసిన్ మర్నాటికీ జిగురుగానే ఉంది. అది ఇక గట్టిపడదు. రాడ్ లాగేసి, అదే సైజు బిట్టుతో బెజ్జం మళ్లీ శుభ్రంగా వేసి, కొత్త నాజిల్‌తో మొదటి నుంచి చేయండి.

స్లీవ్ యాంకర్‌తో బిగించినవాటికి మర్నాడు ఒకసారి టార్క్ చూడండి. మొదటి గంటల్లో కొంచెం సడలడం మామూలే, అదే టార్క్‌కి ఒక్కసారి మళ్లీ తేవచ్చు. మూడోరోజు కూడా నట్టు తిరుగుతూనే ఉంటే స్లీవ్ చుట్టూ రాయి నలుగుతోందని అర్థం, అక్కడ ఇంకా బిగించకుండా యాంకర్ తీసి కెమికల్ పెట్టండి.